మోకాళ్ల మేస్త్రి

రేవు మేస్త్రిని ఊళ్లో అందరూ మోకాళ్ల మేస్త్రి అంటారు. అలాగని ఆయన మోకాళ్లకేదో అయిందనుకునేరు. అరవై దగ్గర పడుతున్నా అవి గుండ్రాళ్లలా ఉన్నాయి. ఆ పేరు వచ్చింది ఎదుటివాళ్ల మోకాళ్ల వల్ల. రేవులో కొత్త మెట్టు వేయాలన్నా, పాత పలక మార్చాలన్నా ఆయన ముందు టేపు తీయడు. గట్టు మీద కూర్చుని లాంచీ కోసం చూస్తాడు. దిగేవాళ్లలో అందరికన్నా ముసలివాళ్లెవరో కనిపెట్టి, కాలెత్తేటప్పుడు వాళ్ల మోకాలు ఎంత లేస్తోందో, మొహం ఎంత ముడుచుకుంటోందో చూసుకుని అప్పుడు రంపం పడతాడు. ముప్ఫై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఇంజినీర్లు నవ్వుతారు. కానీ ఆయన వేసిన మెట్టు మీద ఇంతవరకు ఒక్కరూ తూలిపడలేదు.

రేవు పక్కన టిక్కెట్ల గదిలో కూర్చునే ఆవిడ మేస్త్రి భార్య. పగలంతా ఎదురెదురుగా ఉండి, సాయంత్రం ఇంటికెళ్లి రేవులో ఏం జరిగిందో ఒకరికొకరు కొత్తగా చెప్పుకునే జంట అది. వీళ్లిద్దరికీ పైఅధికారి లాంటిది మేస్త్రి అక్క. ఆవిడ ఏరు సముద్రంలో కలిసే చోట, అవతలి ఒడ్డున ఉంటుంది. నర్సుగా రిటైరయినా చెయ్యి ఊరుకోదు. బుధవారం, శనివారం లాంచీలో ఇవతలికి వచ్చి రేవు దగ్గరి దవాఖానాలో కట్లు కడుతుంది, తమ్ముడింట్లో భోంచేస్తుంది, తమ్ముణ్ని నాలుగు తిట్టి సాయంత్రం లాంచీకి వెళ్లిపోతుంది. డెబ్భై దాటింది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నోరు మాత్రం అరగలేదు.

ఏడాదిగా రేవుకు రోజులు బాగాలేవు. పోటు వేళ నీళ్లు పలకల మీదికి ఎక్కుతున్నాయి. జనం చెప్పులు చేత్తో పట్టుకుని లాంచీ ఎక్కుతున్నారు. ఒకరోజు తనిఖీ అధికారి వచ్చి స్తంభానికి కాగితం అంటించి పోయాడు. ఈ ఏడాది చివరిలోగా కొత్త రేవు కట్టాలి, లేదా లాంచీ ఆపేయాలి. లాంచీ లేకపోతే అవతలి ఒడ్డు నుంచి చుట్టూ తిరిగి రావడానికి రెండు బస్సులు, మూడు గంటలు.

"మూడు గంటలు బస్సులో కూర్చుంటే నన్ను దింపడానికి క్రేను తేవాలిరా. రేవు పోతే నేను రాను, అంతే," అంది అక్క.

మేస్త్రి నవ్వాడు గానీ లోపల కలుక్కుమంది. తల్లి పోయాక ఆయన్ను చంకనేసుకుని పెంచింది ఆవిడే. వారానికి రెండు పూటలు ఆవిడ చేత తిట్లు తినకపోతే ఆయనకు అన్నం ఒంటబట్టదు.

కొత్త రేవు కట్టడానికి రేవు సంఘం సిద్ధమే. ఎంత ఎత్తున కట్టాలన్నదే చిక్కు. ఆ చిక్కు విప్పడానికి రాజధాని నుంచి ఒక అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. దేశం మొత్తానికి వాతావరణ శాఖ వేసిన రాబోయే కాలపు అంచనాలను ఊరూరా తిరిగి, అక్కడ కట్టేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం ఆమె ఉద్యోగం. వచ్చిన గంటలోనే జనం లెక్కల అమ్మాయి అని పేరు పెట్టేశారు. టిక్కెట్ల గదిలో బల్ల మీద లాప్‌టాప్ తెరిస్తే తీరమంతా చిన్నచిన్న గళ్లుగా కనిపించింది. తమ రేవున్న గడి మీద నొక్కగానే నీటిమట్టం గీత ఒకటి బయల్దేరి, కొంత దూరం ఒంటరిగా నడిచి, తర్వాత విసనకర్రలా విచ్చుకుంది.

"ఇందులో నిజమైన గీత ఏదమ్మా?" అన్నాడు మేస్త్రి.

"అది నాకూ తెలీదండీ."

"తెలీదని చెప్పడానికి ఇంత దూరం వచ్చావా?"

ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు, నవ్వేసింది. "ఎంతవరకు తెలుసో, ఎక్కడి నుంచి తెలీదో చెప్పడానికి వచ్చాను మేస్త్రి గారూ. నీళ్లు పెరగడం ఖాయం. ఎంత పెరుగుతాయన్నది మనుషులు వదిలే పొగను బట్టి, మంచు కరిగే తీరును బట్టి ఉంటుంది."

ఆమె సెంటీమీటర్లలో చెప్పినదాన్ని మేస్త్రి తన కొలతల్లోకి మార్చుకున్నాడు. ఈ శతాబ్దం చివరికి తక్కువైతే జానెడున్నర, ఎక్కువైతే రెండు మూరలు. ఆయనకు తల తిరిగింది. రెండు మూరలకూ ఇప్పుడే కడితే లాంచీ దిగేవాళ్లు గోడ ఎక్కాలి. జానెడున్నరకే కడితే మనవల కాలానికి రేవు నీళ్లలో ఉంటుంది. పోనీ తేలే రేవు వేద్దామా అంటే, అది పదేళ్ల కిందటే ఒకసారి వేశారు. మొదటి గాలివానకే తాడు తెంచుకుని సముద్రయానం కట్టింది.

రేవు సంఘం పెద్ద ఊళ్లో తగవులు తీర్చే మనిషి. ఇద్దరు పోట్లాడుకుంటే వాడు చెప్పినదాంట్లో సగం, వీడు చెప్పినదాంట్లో సగం కలిపి తీర్పు చెప్పేస్తాడు. నలభై ఏళ్లుగా ఆ మందే అన్ని రోగాలకూ వాడుతున్నాడు. ఇప్పుడూ అదే తీశాడు. "అటూ వద్దు, ఇటూ వద్దు. మధ్యన కట్టేద్దాం. సుమారు మూరెడున్నర పెంచుదాం. ఏమంటారు?"

"ఈ అంకెలు తగవు పడ్డ ఇద్దరు మనుషులు కాదండీ, సగానికి ఒప్పుకోవడానికి. నీళ్లు మన తీర్పు వినవు," అంది లెక్కల అమ్మాయి.

కానీ అందరికీ పెద్దాయన మాటే చల్లగా ఉంది. మేస్త్రికి కూడా ఉంది, అదే చిత్రం. మధ్యస్థంగా ఉన్నదేదీ తప్పు కాదని ఆయన కూడా నమ్మాడు. "ఖాయం చేసే ముందు ఒక ఉత్తుత్తి రేవు వేసి చూపిస్తాను," అన్నాడు. శుక్రవారం సంఘం చివరి సమావేశం. రేవు మంజూరుకు సర్కారుకు పంపే దరఖాస్తు ఆ రోజు వెళ్లకపోతే ఈ ఏటికి రేవు లేనట్టే.

మంగళవారమంతా ఖాళీ పీపాలు దొర్లించి, వాటి మీద పలకలు కట్టి, పాత రేవు పక్కనే మధ్యస్థపు ఎత్తున ఉత్తుత్తి రేవు నిలబెట్టాడు. బుధవారం ఆటు సమయానికి లాంచీ వచ్చింది. చూడ్డానికి సగం ఊరు గట్టు మీదే ఉంది. ముందు కాలేజీ పిల్లలు ఎగిరి ఎక్కేశారు. చప్పట్లు. తర్వాత సంఘం పెద్ద చొక్కా సర్దుకుని ఎక్కబోయి మోకాలు పలకకేసి కొట్టుకున్నాడు. ఈసారి ఇంకా గట్టిగా చప్పట్లు. ఆ తర్వాత అక్క.

ఆవిడ లాంచీ అంచున నిలబడి పలకల వైపు తలెత్తి చూసింది. ఎత్తి చూడాల్సి వచ్చింది మరి. "ఏరా, ఇది రేవా, అటకా?"

"కాలెత్తి చూడక్కా, నేనున్నాగా."

"కాలెత్తితే మళ్లీ దించేదెవర్రా?" అంటూనే ఒక కాలు ఎలాగో పైకి పెట్టింది. చేతికర్ర అందలేదు. అది అల్యూమినియం కర్ర, గొట్టంలో గొట్టం, వరసగా రంధ్రాలు. అక్క విసుక్కుంటూ కర్రకున్న మీట నొక్కి, లోపలి గొట్టాన్ని రెండు రంధ్రాలు బయటికి లాగి పొడుగు చేసింది.

మేస్త్రి కళ్లు ఆ రంధ్రాల మీదే ఆగిపోయాయి. "అక్కా, ఆ కర్ర ఇలా ఇయ్యి!" అని చటుక్కున లాగేసుకున్నాడు.

"ఒరేయ్! నన్ను గాల్లో వదిలి కర్ర పట్టుకుపోతావేంట్రా!"

లాంచీ డ్రైవరు ఒక పక్క, మేస్త్రి భార్య ఇంకో పక్క పట్టుకుని ఆవిడను మళ్లీ లాంచీలోకి దించారు. గట్టు మీద జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. మేస్త్రి మాత్రం కర్రను పొడుగు చేస్తున్నాడు, పొట్టి చేస్తున్నాడు.

"ఇది అమ్మినప్పుడు నీకెంత ఎత్తు కావాలో షాపువాడికి తెలుసా?"

"వాడికేం తెలుస్తుంది? ఎవరికి కావలసినంత వాళ్లు పెట్టుకుంటారు. ముందు నన్ను దింపరా సన్నాసీ!"

పాత రేవు మీదుగా అక్కను దింపి, లెక్కల అమ్మాయిని వెతుక్కుంటూ ఆయన పరుగుతీశాడు.

శుక్రవారం సమావేశంలో, సర్కారు తరఫున వచ్చిన ఇంజినీరు గారు దరఖాస్తు తీసి, "పలకల ఎత్తు అన్న గడిలో ఒక్క అంకె చెప్పండి," అన్నారు.

"రెండు చెప్తానండీ. గుంజలకి ఒకటి, పలకలకి ఒకటి," అన్నాడు మేస్త్రి. జీవితంలో మొదటిసారి మీటింగులో లేచి నిలబడ్డాడు. "గుంజలు రెండు మూరలకీ సరిపోయేలా ఇప్పుడే దింపుదాం. మళ్లీ మళ్లీ దింపేది కాదు కదా. పలకలు మాత్రం ఇవాళ్టి పోటుకి మునగకుండా, ఇవాళ్టి మనుషులకి అందే ఎత్తున బోల్టులతో బిగిద్దాం. గుంజల్లో జానెడుకి రెండేసి రంధ్రాలు పెడదాం. నీళ్లు పెరిగితే బోల్టులు తీసి పలకల్ని ఒక రంధ్రం పైకి ఎక్కిస్తాం. నలుగురుంటే ఒక పూట పని."

"పెరిగాయని ఎవరు చెప్తారు?" అన్నారు ఇంజినీరు గారు.

"నేను చెప్తాను," అంది టిక్కెట్ల గది ఆవిడ తలుపు దగ్గర నుంచి. "పలకలకి కాస్త కిందగా గుంజ మీద ఎర్రగీత గీయించండి. నీళ్లు దాన్ని తాకిన రోజల్లా క్యాలెండర్లో చుక్క పెడతాను. ఏడాదికి ఇరవై చుక్కలు దాటితే ఎక్కించండి. ఆయన మర్చిపోయినా నేను మర్చిపోను."

అది నిజమని అక్కడున్న అందరికీ తెలుసు.

లెక్కల అమ్మాయి లాప్‌టాప్ గోడ మీదికి తిప్పింది. రాత్రీపగలూ కూర్చుని మేస్త్రి రేవును విసనకర్రలోని ప్రతి గీత మీదా నడిపి చూసిందట. మంచు నెమ్మదిగా కరిగే కాలంలో మేస్త్రి తర్వాతివాళ్లు పలకలు మూడుసార్లు ఎక్కించారు. తొందరగా కరిగే కాలంలో ఎనిమిదిసార్లు. ఒక్క గీత మీదా రేవు మునగలేదు. మధ్యస్థపు రేవు మాత్రం సగం గీతల్లో మునిగిపోయింది, మిగతా సగంలో జనానికి అందలేదు.

సంఘం పెద్ద మోకాలు తడుముకున్నాడు. దెబ్బ ఇంకా తగ్గినట్టు లేదు. "నా తీర్పు నేనే కొట్టేస్తున్నాను. మేస్త్రి మాటే కానివ్వండి," అన్నాడు. ఇంజినీరు గారు ఆ గడికి మధ్యలో గీత గీసి రెండు చేసి, రెండు అంకెలూ రాశారు. మేస్త్రి బయటికి వచ్చి గట్టు మీద కూలబడి చాలాసేపు ఒక్కడే నవ్వుకున్నాడు.

ఎత్తయిన రేకుల చాటున సాగిన పని నాలుగు నెలల్లో పూర్తయింది. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లెవరో రావాలని ఇంకా తేదీ పెట్టలేదు. ఈలోగా పాత పలకలు ఊడదీసి లాంచీని కొత్త రేవుకే కట్టడం మొదలుపెట్టారు. ఆ సంగతి జలుబు చేసి రెండు వారాలు ఇంట్లో ఉన్న అక్కకు ఎవరూ చెప్పలేదు.

శనివారం ఆటు వేళ లాంచీ వచ్చింది. అది ఇంకా ఆగకముందే అక్క మొదలుపెట్టింది. "నీ పెళ్లాం ఫోన్‌లో అంతా చెప్పిందిలే. బీపీ మాత్రలు మింగకుండా కిటికీలోంచి పూలమొక్క మీదికి పారేస్తున్నావట! పూలమొక్కకి బీపీ ఉందా? నీకుందా? నాన్న కూడా ఇలాగే మొండికేసి చివరికి ఏమయ్యాడో..." అంటూ లాంచీ అంచు దాటింది, పలకల మీద కర్ర ఆనించింది, నడిచింది, గట్టెక్కింది. "...నీకు గుర్తుందా, లేదా? ఏంట్రా అలా గుడ్లప్పగించి చూస్తావు?"

మేస్త్రి ఆవిడ మోకాళ్ల వైపే చూస్తున్నాడు. కళ్లు నిండాయి. ఇంత ఆనందం తన పెళ్లిరోజున కూడా కలగలేదని తర్వాత భార్యతోనే అని, రెండు రోజులు మాటలు పడ్డాడు.

"సర్లే, ఏడవకు. ఏదిరా నీ కొత్త రేవు? ఊరంతా ఒకటే గొప్పలు చెప్తున్నారు. చూపించు, ఎక్కగలనో లేనో చూద్దాం."

"నీ వెనకుందక్కా. దాటే వచ్చావు."

అక్క వెనక్కి తిరిగి చూసింది. లాంచీని చూసింది, పలకల్ని చూసింది, తన మోకాళ్లను చూసుకుంది. తర్వాత కర్రతో పైకి చూపించింది. "ఆ గుంజలేంట్రా, తలకి మించి అంత పొడుగు?"

"పైభాగం మనది కాదక్కా, తర్వాత వచ్చేవాళ్లది. నీళ్లు పెరిగితే పలకల్ని అక్కడికి ఎక్కించుకుంటారు."

"మరీ అంత పెరగకపోతే?"

"కొంగలు వాలతాయి."

అక్క పకపకా నవ్వి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. "అయితే విను. ఇంక ప్రతి బుధవారం, ప్రతి శనివారం వస్తాను. వచ్చినప్పుడల్లా సీసాలో మాత్రలు లెక్కపెడతాను. ఒక్కటి ఎక్కువ మిగిలిందా, నీ సంగతి చెప్తాను!"

మేస్త్రి ముఖం చేటంత అయింది.