మంగ కోసం పంపిన ఐసు

ఇన్నేళ్ళూ ఐసు అమ్మి బతికాను. కరిగిపోయే సరుకు. కరగనిది ఒక్కటే మిగిలింది, అది నా గుండెల మీదే ఉంది. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్నెరగరు.

అరవైల చివర బందరు పక్కన గిలకలదిండి దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీని. పేపరు చదివి, దానికి కాస్త ఉప్పూ కారం చల్లి, చేపలకు ఐసు కోసం వచ్చేవాళ్ళకు వడ్డించేవాణ్ణి. జీతం లేని రెండో ఉద్యోగం. అమెరికాలో చచ్చినవాళ్ళను గడ్డకట్టించి దాస్తున్నారనీ, మందు దొరికాక లేపుతారనీ ఒకరోజు చదివి వినిపించాను. అందరూ నవ్వారు. కోడూరు నుంచి వచ్చే వెంకన్న నవ్వలేదు.

ఆ ఎండాకాలం వాడి పెళ్ళాం మంగను కట్లపాము కరిచింది. తెల్లారేసరికి పోయింది. మధ్యాహ్నానికి వాడు నా ముందున్నాడు.

"మావయ్యా, మంగని ఐసులో పెడితే లేచిద్దా?"

లేవదురా అనాలి. ఒక్క మాట. వాడి ముఖం చూసి నోరు రాలేదంటే సగమే నిజం; నేను చదివి చెప్పేవన్నీ ఉత్త కబుర్లని తేలిపోతాయేమోనన్న బెంగ కూడా ఆ నోటికి అడ్డంపడింది. జాలి ఎంత, బడాయి ఎంత? ఇప్పటికీ విడదీయలేను.

"మద్రాసులో ఒక డాక్టరుగారున్నార్రా. ఉత్తరం రాస్తాను. మూడు రోజులు కాపాడుకో, ఆయనే వచ్చి తీసుకెళ్తారు."

"రాస్తారుగా?"

"రాసేశాననుకో."

అలాంటి డాక్టరు లేడు. చేపల కోసం రోజూ కోడూరు వెళ్ళే లారీలో ఊకా గోనెపట్టాలూ కప్పి దిమ్మలు పంపాను. ఐసు పగలగొట్టే గునపం కూడా నేనే ఇచ్చాను. ఇంత ఏర్పాటు చేసినవాణ్ణి ఒక్కటి మరిచాను. శవం లేచేదాకా ఆ వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించరు.

మూడో రోజు, ఊళ్ళో గొడవగా ఉందని డ్రైవరు చెబితే, లారీలో నేనూ వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. వాసన వీధి మొదట్లోనే తగిలింది. నానబెట్టిన అటుకులతో రోజులు నెట్టిన జనం కర్రలతో వెంకన్న గుమ్మం ముందున్నారు. రాళ్ళు పడుతున్నాయి. ఒకటి వాడి నుదురు చీల్చింది. ఒక కన్ను నెత్తుటితో మూసుకుపోయినా, గునపం పట్టుకుని గడపకు అడ్డంగా నిలబడ్డాడు. మంగ అన్న పోలయ్య ఒట్టి చేతులతో ముందుకొచ్చాడు.

"చాల్లే బావా. నా చెల్లిని సాగనంపనియ్. పసిపిల్లలు ఆకలికి ఏడుస్తన్నారు."

"ఇయ్యాలొక్కరోజు ఆగండ్రా! డాక్టరు వస్తన్నాడు!"

అంటూ వెంకన్న నా వంక చూశాడు. అబద్ధంరా అని ఒక్క అరుపు అరిస్తే చాలు. ఆ కర్రలు నా మీదికి తిరుగుతాయి. లారీ తలుపు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

పోలయ్య గడపలో కాలు పెట్టాడు. గునపం వాడి గొంతు కింద దిగింది. రెండో పోటు పొట్టలో. మూడోది, పడిపోయాక. ఆ తర్వాత కర్రలన్నీ వెంకన్న మీద పడ్డాయి. చెయ్యి విరిగిన చప్పుడు లారీలోకి వినిపించింది. దిమ్మల్ని పలుగులతో బద్దలుకొట్టి మంగను బయటికి లాగారు. గుమ్మంలో ఊక ఎర్రగా ముద్దకట్టింది.

పోలీసులు జీపెక్కిస్తుంటే వెంకన్న నాతో మెల్లగా అన్నాడు: "ఐసు చూస్తా ఉండండి మావయ్యా. డాక్టరుగారు వచ్చే టయిమైంది."

కోర్టులో నేనూ సాక్షినే. "ఐసు అడిగాడండి, ఇచ్చానండి" అన్నాను. వాడు నా పేరెత్తలేదు. చివరిదాకా నన్ను నమ్మాడా? తెలిసే వదిలేశాడా? ఈ రెండిట్లో ఏదైతే బాగుండునని కోరుకోను? యావజ్జీవం పడింది. జైల్లోనే పోయాడు. పోలయ్య పిల్లలు ఎలా పెరిగారో నేను కనుక్కోలేదు. కనుక్కోవడానికి బందరు నుంచి ఎంత దూరమని?

నేను ఉత్తరం రాయలేదు వెంకన్నా.

చూశారా, ఈ ముక్క కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు ఊపిరి కాస్త ఆడుతోంది.