అన్న ఫ్రీ ట్రయల్, వదిన చాట

ఎల్లారెడ్డిలో మా అన్న ఈ రోజు బీడీలు మానేస్తానని ప్రకటించాడు. నా ల్యాప్‌టాప్‌లో ఈ-సిగరెట్ ఫ్రీ ట్రయల్ కనిపించిందట. కొరియర్ ఖర్చుకని ఏటీఎం కార్డు నంబరు ఇస్తే చాలట. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది నేను పైకి చదివాను: గడువులోగా వద్దనకపోతే నెలనెలా కార్డులోంచి డబ్బు లాగేసుకుంటారు.

ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న వదిన పకపకా నవ్వింది.

"మీ అన్న గూడ గంతే! గట్టిగ సుట్టిన్నో లేదో సూస్తనని ఒక్కటి తీస్తడు, పొద్దుగూకేసరికి కట్ట ఖాళీ జేస్తడు."

అన్న మొహం మాడ్చుకుని ల్యాప్‌టాప్ మూసేశాడు. అలవాటు కొద్దీ చెయ్యి చాటలోకి వెళ్లింది. వదిన ఆ చేతిమీద టపీమని ఒక్కటేసింది.

"ఆగు, ముందుగాల కార్డు నంబరు జెప్పు!"

మీ ఇంట్లో ఇలాంటి ఫ్రీ ట్రయల్ ఎవరు నడుపుతున్నారో చెప్పండి, వదినను పంపిస్తాను.