నల్లరాతి గోడ, ఈరన్న బావి

2022 వేసవి. తుగ్గలి దగ్గర ఒక గుట్ట మీద సందర్శకుల కేంద్రం కట్టే పని నాకు వచ్చింది. ఆదోనిలో పదహారేళ్లుగా ఆర్కిటెక్టునే అయినా, రాళ్లు చూడటానికి వచ్చేవాళ్ల కోసం కట్టడం అదే మొదలు. అక్కడ చూడాల్సింది డైక్. ఏనాడో భూమి లోపల కరిగిన రాయి, బండ పగుళ్లలోకి ఎగదన్ని, అక్కడే గట్టిపడింది. బూడిదరంగు గ్రానైటు మధ్య నల్లని గోడలా సాగిపోతుంది.

దానికి అడ్డంగా పొడవైన నల్లరాతి హాలు గీశాను. నేల సమంగా ఉండాలని డైక్‌ను ఒకచోట కోయించడానికి పూనుకున్నాను. బ్రేకర్ యంత్రం పని మొదలుపెట్టిన రెండో రోజు, గుట్ట పైవైపు పొలం రైతు ఈరన్న పరుగున వచ్చాడు.

"నిలపమ్మా! ఈ రాయి పగిలితే నా బాయి పోతాది."

"బావి అంత దూరంలో ఉంది కదన్నా, ఏం కాదులే."

"పైనుంచి వచ్చే నీళ్లకు ఇదే కట్టమ్మా. కిందపక్క బోర్లు ఏస్తే సుక్క పడల్యా. నమ్మకుంటే పోయి సూడు."

యంత్రం ఆపించి వెళ్లాను. కిందివైపు మూడు బోర్లు, మూడూ ఎండినవే. ఈరన్న బావిలో మాత్రం నడి ఎండల్లోనూ నీళ్లు, పక్కన టమాటా మడి పచ్చగా ఉంది. భూగర్భశాస్త్రం చదివిన స్నేహితురాలికి ఫోన్ చేస్తే ఆమె కూడా అదే చెప్పింది: భూమి లోపలి నీటికి డైక్ అడ్డుగోడే. దాని పుట్టుక గురించి ఎంతో చదివాను, అది చేస్తున్న పని మాత్రం నాకు తట్టలేదు.

అప్పటికే రెండడుగులు కోశాం. పగులు లోపలికి దిగిందో లేదో తెలియదు. పది రోజులు ఈరన్న పొద్దున్నే తాడుకు రాయి కట్టి బావిలోకి దింపి, నీటిమట్టం చూసి ఫోన్ చేసేవాడు. ఆ ఫోన్ వచ్చేదాకా నేను వేరే పని మొదలుపెట్టేదాన్ని కాదు. పదకొండో రోజు అన్నాడు: "నీళ్లు యాడుండెనో ఆడే ఉండాయమ్మా. ఇంగ నిమ్మళంగా ఉండు." ఫోన్ పెట్టేసి, ఆఫీసులో అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.

హాలు వదిలేశాను. డైక్‌కు అటొకటి, ఇటొకటి చిన్న గదులు కట్టాం, రెండూ దానికంటే పొట్టివే. పునాది తవ్వకుండా బండ మీదే ప్లింత్, అంటే గది నిలిచే అరుగు, లేపాం. కేంద్రం తెరిచిన రోజు ఈరన్న చుట్టూ తిరిగి చూసి, "నువ్వు కట్టింది కనపడల్యామ్మా, రాయే కనపడతాంది" అన్నాడు. నా పనికి అంతకన్నా మంచి మాట ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఏ స్థలం చూడబోయినా, టేపు తీసేముందు చుట్టుపక్కల బావులన్నీ చూసి, అవి ఎవరివో కనుక్కుని వాళ్లతో మాట్లాడతాను.