దాని కాయితాలు దాని కాడ

సూళ్లూరుపేటలో మధ్యాహ్నం రెండింటికి ఆర్మీ ట్రక్కు దిగాం. వాన పైనుంచి కాక పక్కనుంచి కురుస్తోంది. ఆర్డరు ఒకటే: చీకటి పడేలోగా పులికాట్ ఒడ్డు పల్లెల్లో మిగిలిపోయినవాళ్లను తుఫాను షెల్టరుకు చేర్చాలి. సామాను: రబ్బరు పడవ, లైఫ్ జాకెట్లు, తాడు, వైర్‌లెస్ సెట్టు. జట్టులో తెలుగు వచ్చింది నాకొక్కడికే, మాది చిల్లకూరు కాబట్టి దుబాసీ పని కూడా నాదే. దానికి వేరే అలవెన్సు లేదు.

చివరి ఇంట్లో మరియమ్మ అనే పెద్దావిడ, ఒక గోధుమరంగు కుక్క. వలలు బాగుచేసి బతుకుతుంది. నీళ్లు గడప దాటాయి. రేడియో ఆపరేటర్ ఆమెను చెయ్యి పట్టి పడవలోకి లాగాడు. కుక్కకు ఆ పద్ధతి నచ్చలేదు. అతని మణికట్టు మీద పళ్లు దించింది.

హవల్దార్ సెట్టులో షెల్టరును అడిగాడు. పసిపిల్లలున్నారు, కరిచిన కుక్కను టీకా కాయితం లేకుండా రానివ్వం అన్నారు. న్యాయమే. "వదిలెయ్యండి" అన్నాడు హవల్దార్. పడవ కదిలింది. ఆ మాట ఆమెకు తెలుగులో చెప్పడం నా డ్యూటీ. చెప్పాను.

ఆమె ఏడవలేదు.

"పోయిన తుపానుకు ముందరి కుక్కను ఇట్నే ఇడిసిపెట్టించినారు అబ్బయ్యా. మళ్లా కనపడలా. అందుకే దీనికి సూదులేయించినా." నడుముకు కట్టుకున్న మూట తట్టింది. "నా కాయితాలు నా కాడ. దాని కాయితాలు దాని కాడ."

వెనక్కి చూశాను. కుక్క అప్పటికే నీళ్లలో దూకి ఈదుతోంది. ఇందాక హడావుడిలో చూడలేదు, మెడ చుట్టూ వల తేలడానికి కట్టే తెల్లటి బెండ్లు. వాటి మధ్య ప్లాస్టిక్ డబ్బా.

హవల్దార్ మోటారు ఆపించాడు. కుక్కను పైకి లాగాం. ఈసారి దానికి అభ్యంతరం లేదు. డబ్బా మూత చుట్టూ కొవ్వొత్తి మైనం. లోపల పాల కవరు, దాన్లో ఇంకో కవరు. టీకా కార్డు, పశువుల డాక్టరు ముద్ర, కుక్క ఫోటో. చుక్క తడి లేదు. మా లాగ్‌బుక్కును మాత్రం పిండి ఆరేయొచ్చు.



మాతో వచ్చిన నర్సింగ్ అసిస్టెంట్ కార్డు మీద తారీఖు చూశాడు. గడువులోనే ఉంది. ఆపరేటర్‌కు సూదులు ఎలాగూ తప్పవు గానీ, కుక్కను వదలక్కర్లేదన్నాడు. ఆపరేటర్ కట్టు కట్టిన చేత్తోనే సెట్టు అందుకున్నాడు.

"కరిచింది నన్నే. కాయితాలు పక్కాగా ఉన్నాయి. ఓవర్."

గరగర. తర్వాత, "తీసుకురండి. ఓవర్."

నీళ్లు తగ్గాక యూనిట్‌కు తిరిగెళ్లాం. కొన్నేళ్లకు రిటైరై చిల్లకూరు వచ్చేశాను. పెన్షన్ కాయితం ఏదని మా ఆవిడ అడిగినప్పుడల్లా ఇల్లంతా వెతుకుతాను. అది దొరక్కముందే కళ్లముందు ఇంకోటి కనిపిస్తుంది: మట్టినీళ్లు, తేలిపోతున్న తాటాకులు, మధ్యలో తెల్లటి బెండ్ల మీద ఒక తల. మొరగదు. తొందరపడదు. తన కాయితాలు తనే మోసుకుంటూ, మా వైపే వస్తూ ఉంటుంది.