బుడ్డోడితో సీమ ప్రయాణం

ఆ రోజుల్లో మా ఆలూరు వైపు పల్లెల్లో ఒక ఆడపిల్ల రైలెక్కి ఆదోని దాటిందంటేనే వారం రోజులు చెప్పుకునేవాళ్లు. అలాంటి ఊళ్లో, పుట్టింటి నుంచి అత్తింటికి ఎడ్లబండి మీద రావడం తప్ప మరో ప్రయాణం ఎరగని నన్ను ఓడెక్కించి సీమకు పంపాలన్న మాట పుట్టింది. (సీమ అంటే ఇంగ్లండు. మా పెద్దవాళ్ల లెక్కలో తెల్లవాళ్లుండే దేశాలన్నీ కలిపి ఒకటే సీమ.) మా ఆయన అప్పటికే అక్కడ భూగర్భశాస్త్రం చదువుతున్నారు. ఊళ్లో దాన్ని రాళ్ల చదువు అనేవాళ్లు. "రాళ్లు చదివేదానికి అంత దూరం పోవల్లా? మన చేన్లో ల్యావా రాళ్లు?" అని అరుగు మీద కూర్చున్న ప్రతివాడూ ఒకసారి అడిగి, తానే నవ్వుకుని లేచిపోయేవాడు.

చదువు ఇంకా కొన్నేళ్లు సాగుతుందని, నన్ను పంపమని మా ఆయన వాళ్ల నాయనకు రాశారు. దాంతోపాటు ఇంకో మాట కూడా రాశారు. తానుండే ఇంట్లో పిల్లలకు చోటు లేదు, కాబట్టి బుడ్డోణ్ణి అవ్వ దగ్గర వదిలి రమ్మని. బుడ్డోడు అంటే మా కొడుకు. తండ్రి ఓడెక్కే నాటికి పారాడే బిడ్డ. ఇప్పుడు కొట్టంలో మేత వేసే గాడిపాడు దగ్గర ఎద్దులను పేరు పెట్టి తిట్టేంతవాడయ్యాడు. ఆ మాట వినగానే మా అత్త ముఖం వెలిగింది. "బిడ్డను నాకిడ్సి నువ్వు నిమ్మళంగా పోమ్మా. ఆ మంచులో వాడు బిగుసుకపోతాడు" అంది. నేను తలూపాను. ఆ ఇంట్లో నాకు వచ్చిన పెద్ద విద్య తలూపడమే.

ఇక నాకు తర్ఫీదు మొదలైంది. గురువు మా మామ. ఆయన ఒకప్పుడు కర్నూలులో ఏదో విందులో దొరలు భోంచేయడం గుమ్మం దగ్గర నుంచి చూశారట. ఆ అర్హత మీద ఆదోని నుంచి ఫోర్కులూ కత్తులూ పింగాణీ కంచాలూ తెప్పించి, నడవలో బల్ల వేయించారు. అయితే ఒక చిక్కుంది. మా ఇంట్లో మామ కోడలితో నేరుగా మాట్లాడరు. అందుకని పాఠమంతా బుడ్డోడి మీదుగా నడిచేది. "రేయ్ బుడ్డోడా, ఆ ముండ్ల చెంచా ఎడం చేత పట్టుకోవల్లంట, మీయమ్మకు చెప్పు" అనేవారు. వంటింట్లోంచి అత్త గయ్యిమనేది. "ఎడం చేత్తో కూడు తింటారా యాడన్నా! చెప్పేటోనికి సిగ్గుండల్ల, వినేటోళ్లకు సిగ్గుండల్ల!" బుడ్డోడు మాత్రం నమ్మకంగా నా దగ్గరికి వచ్చి, తాత చెప్పిందీ అవ్వ తిట్టిందీ రెండూ కలిపి అప్పజెప్పేవాడు.

ఆ కంచాల్లో వడ్డించేది మాత్రం జొన్న సంగటే. (సీమ తిండి మాకెవరు వండిపెడతారు?) ఫోర్కు గుచ్చితే నిలువునా నిలబడేది. పీకితే ముద్దంతా దానితోపాటు లేచొచ్చేది. పప్పు ముళ్ల సందుల్లోంచి జారిపోయి కంచంలోనే ఉండేది. బల్లకు అటు మామ, ఇటు నేను ముసుగు సవరించుకుంటూ, ఇద్దరం ఆకలితో చెమటలు కక్కేవాళ్లం. చివరికి ఆయన గొంతు సవరించుకుని "సీమ పాఠం ఈపొద్దుకు చాలు" అనేవారు. ఆయన పెరటి వైపు, నేను వంటింటి వైపు వెళ్లి చేత్తో కడుపు నింపుకునేవాళ్లం.

దాంతోపాటు ఇంకో పరీక్ష కూడా నడిచింది. బుడ్డోడు తల్లి లేకుండా ఉండగలడా అని వాణ్ణి కొన్నాళ్లు పూర్తిగా అత్తకు అప్పగించారు. రెండో పూటకే ఏడ్చి నా కొంగు పట్టుకుంటాడని నాకు గట్టి నమ్మకం. వాడేమో అవ్వ పక్కన పడుకుని, అవ్వ చేతి ముద్ద తిని, దారిలో నేను ఎదురైతే పక్కింటావిడను చూసినట్టు చూసి ఆడుకోవడానికి పోయాడు. "చూస్తివా? ఒక్క తూరన్నా అడగలే నిన్ను" అని అత్త మురిసిపోయింది. నేను జొన్నల గాదె వెనక చేరి ముక్కు చీదుకున్నాను. బిడ్డ ఏడిస్తే ఓదార్చడం తెలుసు. ఏడవని బిడ్డను చూసి ఏడిచే తల్లిని ఎవరు ఓదార్చాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇంతలో కర్నూలులో మామకు తెలిసిన ఒక డాక్టరు గారు మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆయన సీమలో చదివి వచ్చినవారు. ఆయన భార్య కూడా అక్కడ కాపురం చేసి వచ్చింది. మా విద్య చూపించుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదని మామ కొత్త తలపాగా చుట్టారు. బుడ్డోణ్ణి కూడా తీసుకెళ్లాం (నాకు మామ మాటలు మోసేవాడు లేకపోతే ఎట్లా?). బల్ల మీద కోడిగుడ్ల కూర వచ్చింది. మామ అందరికంటే ముందు ఫోర్కు అందుకుని, గుడ్డుకు గురి చూసి పొడిచారు. గుడ్డు ఆయన కంటే తెలివైనది. కంచం అంచు దాటి, బల్ల మీద దొర్లి, కింద పడి ఎటో పోయింది. డాక్టరు గారు కిటికీలోంచి తుంగభద్ర వైపు చూశారు. నేను నా కంచంలోకి చూశాను. మామ ఏమీ జరగనట్టు మీసం దువ్వుకున్నారు. ఇంతలో బల్ల కింద నుంచి బుడ్డోడి తల పైకి లేచింది. "తాతా, ఇదిగో నీ గుడ్డు!"

డాక్టరు గారి భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుని కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వు ఆగాక బుడ్డోణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ గుడ్డు కడిగి వాడికే తినిపించింది. మామ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి మాట మార్చారు. "మీరు పోయినప్పుడు బిడ్డల్ని ఏం చేస్తిరమ్మా?"

"మాయమ్మ దగ్గర ఇడ్సిపోతిమి. అప్పుడు మా పాప ఈ పిల్లోని అంతే ఉండె" అంది ఆమె, వాడి తల నిమురుతూ. "తిరిగొచ్చి ఎత్తుకోబోతే స్తంభం యెనక్కి పాయ. 'అవ్వా, ఎవరో అత్త వచ్చిండాది' అనె. ఇప్పుడు బడికి పోతాంది. నా దగ్గరే ఉండాది. ఏమన్నా దెబ్బ తగిలితే మాత్రం ఈపొద్దుకూ 'అవ్వా' అనే అరుస్తాది."

ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. నవ్వుతూనే చెప్పి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లింది. మామ ఫోర్కు కింద పెట్టారు. కత్తి కూడా పెట్టి, చెయ్యి కడుక్కుని, కూర కలుపుకుని తినడం మొదలుపెట్టారు. నాలుగు ముద్దలయ్యాక తలెత్తకుండానే నాతో నేరుగా అన్నారు.

"బిడ్డను తీసుకపోమ్మా."

నేను బుడ్డోడి కోసం చూశాను, బదులు వాడితో చెప్పి పంపడానికి. వాడు డాక్టరు గారి గడియారం లాగే పనిలో ఉన్నాడు. "మరి... ఆయన వద్దని రాసిండారు కదా" అని నేనే గొణిగాను. పెళ్లయ్యాక మామతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. "వానికి రాయను. రాస్తేనే కదా వద్దనేది!" అన్నారు మామ.

విషయం తెలిశాక అత్త మామతో మాట్లాడటం మానేసింది. మజ్జిగ కావాలన్నా ఆయన బుడ్డోడితోనే అడిగించుకోవాల్సి వచ్చేది. ప్రయాణం రోజు స్టేషనుకు రానని భీష్మించింది. తీరా బండి కదిలే వేళకు చేలకు అడ్డం పడి ఎట్లా వచ్చిందో వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి బుడ్డోడి మొలతాడు గట్టిదో కాదో లాగి చూసింది. నా ఒళ్లో ఒక నల్లదారం ఉండ పడేసి, "ఆడ దొరుకుతాదో లేదో" అని ముఖం తిప్పుకుంది. మామ బొంబాయి దాకా వచ్చి ఓడెక్కించి వెళ్లారు.

సముద్రం మీద నేను మంచం దిగలేదు. బుడ్డోడు మాత్రం ఓడంతా తిరిగి, ఎవరేది పెడితే అది తిని, నాకు నిమ్మకాయ తెచ్చి ఇచ్చేవాడు. రేవు వచ్చింది. కొత్త బూట్లు కరిచిన కాళ్లతో కుంటుకుంటూ, వానకు తడిసిన చీరతో, చంకలో కొడుకుతో మెట్లు దిగాను. కింద పొడుగు కోటు, టోపీ పెట్టుకుని మా ఆయన. నన్ను చూసి నవ్వబోయి, నా చంకలోకి చూసి ఆగిపోయారు. "వీడెట్లొచ్చినాడు? నాయన రాయలేదే!" అన్నారు. నేను అలవాటు కొద్దీ తలూపాను.

బుడ్డోడు ఆ కోటును పైనుంచి కిందిదాకా పరీక్షగా చూశాడు. "అమ్మా, ఈయప్ప ఎవరు?" అని నా చెవిలో అడిగాడు. "మీ నాయన" అన్నాను. వాడు మా అరుగు మీద పెద్దవాళ్లు ఒకరినొకరు పలకరించుకునే పద్ధతిలో, గొంతు పెంచి అడిగాడు.

"ఏమప్పా, సంగటి తింటివా?"

మా ఆయన టోపీ తీశారు. మళ్లీ పెట్టుకున్నారు. మళ్లీ తీసి, అటు తిరిగి ఓడ వైపు చాలాసేపు చూశారు. తర్వాత "లేదప్పా, శానా దినాలాయ తిని" అని వాణ్ణి నా చంకలోంచి తీసుకున్నారు. పిల్లలను ఒప్పుకునే ఇల్లు వెతకడానికి ఆ చలికాలమంతా పట్టింది. అంతదాకా ముగ్గురం ఒక స్నేహితుడి ఇంటి మిద్దె గదిలో ఒకే రగ్గు కింద గడిపాం.

ఆ మెట్లు దిగిన పిల్లకు ఇప్పటి నా మనవరాలి వయసు కూడా లేదు. ఎప్పుడైనా గుర్తొస్తే, పక్కన నిలబడి "కాళ్లు నొప్పి పుట్టలేదా?" అని అడగాలనిపిస్తుంది. శానా నొప్పి అనే అంటుందనుకుంటాను. అని, చంకలో పిల్లవాణ్ణి ఇంకాస్త పైకి ఎగదోసుకుని, ఎటు పోవాలో తెలియకపోయినా ముందుకే నడుస్తుంది.