చెప్పకుండా పీకేసిన చిన్న టమేటా చెట్టు

అడుగంటిన బావి దగ్గర ఈ రోజు పొద్దంతా నిలబడి అర బిందె నీళ్లు తెచ్చాను. వచ్చేసరికి, నూనె డబ్బాలో నేను పెంచుకున్న చిన్న టమేటా చెట్టు గుత్తులతో సహా గోడ పక్కన పడి ఉంది. డబ్బాలో వేరే నారు ఉంది. అది మా మరిది పని.

"ఏమప్పా, కాయలున్న చెట్టును పీకినావే?"

"ఆ గోలీకాయలు ఎవరు తింటారొదినా? ఇది బెంగుళూరు నారు. పిడికెడంత కాయ కాస్తాది."

"నా చెట్టు చేతులు కడిగిన నీళ్లతోనే బతికె. దీనికి నీళ్లెవరు మోస్తారు?"

"నువ్వెట్లా బావికి పోతాండావు కదా!"

ఒళ్లు మండిపోయింది. నీళ్లు వంచుకుని ఖాళీ బిందె వాడి చేతిలో పెట్టి బావికి తోలాను. పడి ఉన్న గుత్తుల్లోని పండ్లు ఏరి చారు కాచాను. ఇప్పుడు వాడు బావి నుంచి వచ్చి కంచం ముందు కూర్చుని నావైపే చూస్తున్నాడు. మీరైతే పోస్తారా? నేను పోయలేదు.