బాబాయి కొలిచిన కొండ

మా బాబాయి ఇరవయ్యారేళ్లు అగ్నిపర్వతాన్ని టేపుతో కొలిచాడు. కొండకు దర్జీవి నువ్వు అంటే ఆయనకు ఒళ్లుమంట, అందుకే నేను అలాగే అనేదాన్ని. కొండ అంచున ఒక పగులు ఉండేది, అది విచ్చుకుంటే కొండ పేలబోతున్నట్టు. దానికి అటొకటి ఇటొకటి, ముప్పై మీటర్ల ఎడంలో రెండు ఇనుప మేకులు. ప్రతి సోమవారం ఎక్కి, మేకు నుంచి మేకుకు స్టీలు టేపు లాగి, అంకె రిజిస్టరులో రాసుకుని దిగేవాడు. ఆయన చొక్కాల గంధకం కంపు భరించలేక పిన్ని వాటిని విడిగా ఉతికేది. ఇప్పుడు ఆ కంపు కోసమే ప్రాణం కొట్టుకుంటుంది.

కొండను కనిపెట్టి ఉండే బాబాయి వాళ్ల ఆఫీసులోనే నేను ఉపగ్రహం పంపే రాడార్ బొమ్మలు చూసేదాన్ని. బొమ్మలు వచ్చాక, టేపు రెండో కొస పట్టుకునే మనిషిని ఆఫీసు మానిపించింది. అప్పట్నించి బాబాయి ఒక్కడే ఒక కొస మేకుకు తగిలించి, టేపు నేల మీద పరిచి కొలుచుకునేవాడు.

ఒక ఏడాది వానలకు ముందు, నా బొమ్మలో పగులు రెండు సెంటీమీటర్లు విచ్చుకుంది. టేపులో మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు. కొండ కింద మూడు ఊళ్లున్నాయి. ఖాళీ చేయించాలా వద్దా అన్నది మా ఆఫీసు పెద్దసారు తేల్చాలి. ఆయన బాబాయినే నమ్మాడు. నేను పోట్లాడాను. బాబాయి, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కుర్చీలో కూచుని చెప్పడం కాదు, ఒక్కసారి ఎక్కి చూడమన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయాసపడుతూ ఆయన వెనకాలే ఎక్కాను. ఆయన టేపు పరిచాడు. అంకె పాతదే. చుట్టి పెడదామని టేపు పట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంటే వదిలేశాను. బాబాయి తన తోలు గ్లౌజు తీసి, వంగి తాకి చూశాడు. నాలుగు నెలలుగా అక్కడి నేల వేడెక్కుతూ వచ్చింది, గ్లౌజుల వల్ల ఆయనకు తెలియలేదు. వేడికి స్టీలు సాగుతుంది. సాగిన టేపు, పెరిగిన దూరానికీ పాత అంకెనే చూపిస్తుంది. ఇద్దరం చెరో కొస పట్టి, టేపును నేలకు తగలకుండా ఎత్తి, చల్లారనిచ్చి కొలిచాం. రెండు సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది.

బాబాయి వాకీటాకీ తీశాడు.

"సార్, నా కొలతే తప్పు. అమ్మాయి చెప్పిందే నిజం. ఊళ్లు ఖాళీ చేయించండి."

పదకొండో రోజు కొండ పేలింది. ఇళ్లు బూడిదలో కూరుకుపోయాయి గానీ ఒక్క ప్రాణం పోలేదు. అందరూ మెచ్చుకుంటుంటే బాబాయి రిజిస్టరు ముందేసుకుని, పదహారు సోమవారాల అంకెల మీద ఎర్రగీత కొట్టి, ఒక్కోదాని పక్కన 'తప్పు' అని రాసి సంతకం పెట్టాడు. ఇప్పుడివన్నీ ఎవరడుగుతారు బాబాయ్ అన్నాను.

"రేపు నేనుండను తల్లీ. చూసేవాళ్లకి ఏది నమ్మాలో తెలియొద్దూ?"

ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ముందుగా ఆ పేజీలే తీసి ఇస్తాను. నేను చదివి వినిపించను. వాళ్లనే చదువుకోమంటాను.